డిప్లొమా పిల్లలకు పశువుల నర్సింగ్ నేర్పడం ఎలా? లేవలేని గేదె, పారుతున్న దూడతో మొదలుపెట్టండి

ఏటా పశుసంవర్ధక డిప్లొమా చదివే పిల్లలు ప్రాక్టికల్ శిక్షణకి దిగే రోజుల్లో పశువుల ఆసుపత్రుల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. పాలకొండ నుంచి చేసినా గజపతినగరం నుంచి చేసినా అడిగేది ఒక్కటే. "నలుగురు పిల్లలొచ్చారండీ. సూదులు వేసేస్తున్నారు. ఇంకేం నేర్పమంటారు?"

సూది వెయ్యడం వారంలో వస్తుంది. వేశాక ఆరు గంటలు ఆ పశువు పక్కనే ఉండి, దాన్లో వచ్చే మార్పు పసిగట్టి, డాక్టరుగారికి వేళకి కబురు చెయ్యడం మాత్రం ఎవరో ఒకరు దగ్గర కూర్చోబెట్టి నేర్పితేనే వస్తుంది. మన దగ్గర పశువులకి నర్సు అనే ఉద్యోగమే లేదు. ఆ పని డిప్లొమా పిల్లలు కొంత, ఊరి పశుసంవర్ధక సహాయకులు కొంత, గోపాలమిత్రలు (ఊళ్ళల్లో పశువులకి కృత్రిమ గర్భధారణ చేసేవాళ్ళు) కొంత, ఇంటి ఆడవాళ్ళు చాలావరకు చేస్తారు. తలో చెయ్యీ వేస్తారు కాబట్టి పూర్తిగా ఎవరికీ నేర్పరు. ఆ లోటు తీరాలనే ఇది రాస్తున్నాను. ఆసుపత్రిలో పిల్లలకి నేర్పే డాక్టర్లకీ, సీనియర్ సిబ్బందికీ ఇది పనికొస్తుంది.

రెండు కేసులతో నేర్పండి చాలు. ఈనిన తర్వాత లేవలేకపోయిన ఆవో గేదో ఒకటి, పారుడుతో (విరేచనాలతో) నీరసించిన దూడ ఒకటి. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఈ రెండూ ఎప్పుడూ తగిలేవే. వీటిని చూసుకోగలిగిన పిల్లవాడు మేకనైనా కుక్కనైనా చూసుకోగలడు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం డిప్లొమా ఉన్నవాళ్ళు కూడా చిన్నపాటి సేవలు మాత్రమే, అదీ రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలోనే చెయ్యాలి. ఇక వీళ్ళు ఇంకా విద్యార్థులు. ఏ మందు, ఎంత, ఎప్పుడు అనేది డాక్టరుగారే చెప్పాలి. ఈ సంగతి మొదటి రోజే, డాక్టరుగారి ముందే చెప్పేయండి.

కావలసినవి

- డిజిటల్ థర్మామీటర్లు రెండు. చివర గట్టి దారం, దారానికి బట్టల క్లిప్పు.
- స్టెతస్కోపు, సెకన్ల ముల్లున్న గడియారం. ఫోను వద్దు, చేతులు తడిగా ఉంటాయి.
- ఐవీ సెట్లు (డ్రిప్పు ఎక్కించే గొట్టాలు), పెద్ద పశువుకి 14 లేదా 16 నంబరు సూదులు, దూడకి 18 నంబరు క్యాన్యులా, స్పిరిట్, దూది, ప్లాస్టరు.
- సాధనకి అరటి బోదె ముక్క ఒకటి, పాత సైకిల్ ట్యూబు, ఎర్ర రంగు నీళ్ళు.
- గోనె సంచులు పది, వరిగడ్డి, మెత్తటి మోకు. గోగునారతో పేనిన మోకు దొరికితే అదే తీసుకోండి. నైలాన్ తాడు చర్మాన్ని కోస్తుంది.
- గ్లౌజులు, సబ్బు, బకెట్లు.
- గీతలు గీసిన అట్ట, దానికి తాడుతో కట్టిన పెన్ను. అట్ట మీద గడులు: వేళ, జ్వరం, నాడి, శ్వాస, పొట్ట కదలిక, పేడ, మూత్రం, మేత, నీళ్ళు, ఏ పక్కన పడుకుంది, ఎవరు చూశారు.

చివరి గడి తప్పనిసరిగా పెట్టండి. పేరు రాయాల్సి వస్తే పిల్లలు నిజంగా చూసి రాస్తారు.

1. చెయ్యి వెయ్యకముందు చూడడం

పశువుల సాలలోకి వెళ్ళగానే పిల్లలు పశువు మీద పడతారు. ఆపండి. పది అడుగుల దూరంలో రెండు నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడమనండి. ముందు శ్వాస లెక్కపెట్టాలి. డొక్క లేచి దిగితే ఒకటి. చెయ్యి తగిలిందంటే పశువు బెదిరి శ్వాస పెరుగుతుంది, ఆ అంకె ఇక పనికిరాదు. నిమ్మళంగా ఉన్న పెద్ద పశువు నిమిషానికి 10 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది.

తర్వాత ఒక్కొక్కర్నీ అడగండి: మెడ ఎటు తిప్పింది? చెవులు ఎలా ఉన్నాయి? ముట్టె తడిగా ఉందా? పక్కన పడిన పేడ ఎప్పటిది? జవాబు చెప్పలేకపోతే మళ్ళీ రెండు నిమిషాలు చూడమనండి. కోప్పడకండి.

చొంగ కారుస్తూ, వింతగా అరుస్తూ, మింగలేకపోతున్న పశువు కనిపిస్తే నోట్లో చెయ్యి పెట్టనివ్వకండి. గొంతుకేదో అడ్డం పడిందని రైతు చెప్పినా సరే. పిచ్చికుక్క కరిచిన పశువు కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. డాక్టరుగారు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. పొరపాటున చొంగ తగిలితే సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అప్పుడే రేబిస్ టీకాకి పంపండి. వీలైతే శిక్షణ మొదలుకాక ముందే పిల్లలందరికీ ముందస్తు టీకాలు వేయించండి.

2. జ్వరం, నాడి, పొట్ట

థర్మామీటరు మలద్వారంలో పెట్టి, కొన పక్క గోడకి ఆనేలా కొంచెం వాల్చాలి. క్లిప్పు తోక వెంట్రుకలకి తగిలించాలి. ఎక్కువమంది చేసే తప్పు కొనని పేడలో గుచ్చేయడం. అప్పుడు తక్కువ చూపిస్తుంది. రెండో తప్పు ఎండలో కట్టిన గేదెకి అక్కడే చూసెయ్యడం. గేదెకి చెమట తక్కువ, నల్లటి ఒళ్ళు, ఎండకి ఇట్టే వేడెక్కుతుంది. నీడలోకి మార్చి, అరగంట ఆగి చూడాలి.

గుర్తుండాల్సిన అంకెలు: ఆవుకి 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపు, గేదెకి అంతకంటే కాస్త తక్కువ, మేకకీ గొర్రెకీ 102 పైన. పెద్ద ఆవు నాడి నిమిషానికి 60 నుంచి 80. తోక ఎత్తి, మొదలు నుంచి జానెడు లోపు అడుగుభాగంలో మధ్య గాడిలో రెండు వేళ్ళు మెత్తగా ఆనిస్తే దొరుకుతుంది. గట్టిగా నొక్కితే పోతుంది. దూడకీ మేకకీ అయితే తొడ లోపల పట్టుకోవాలి.

పొట్ట కదలికకి ఎడమ డొక్క పల్లంలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు అలాగే ఉంచమనండి. రెండు నుంచి నాలుగు సార్లు పిడికిలిని బయటికి తోస్తుంది. పిల్లలు అర నిమిషానికే చెయ్యి తీసేసి "లేదు సార్" అంటారు.

చిగురు నొక్కి రంగు తిరిగొచ్చే వేళ చూడాలని పుస్తకంలో ఉంటుంది, అది రెండు సెకన్లలోపు రావాలి. గేదెకి చిగుళ్ళు నల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ ఏమీ తెలియదు. కంటి రెప్ప తిప్పి లోపొర రంగు చూడడం నేర్పండి.

సరిచూడడం: ఒకే పశువుకి ఇద్దరు పిల్లల చేత విడివిడిగా చూపించండి. కాగితాలు ఒకరివొకరు చూడకూడదు. మీరూ చూడండి. నాడిలో నాలుగుకి మించి, జ్వరంలో అర డిగ్రీకి మించి తేడా వస్తే ముగ్గురూ మళ్ళీ చూడాలి. మీరు కూడా. మీ అంకె తప్పైతే తప్పని వాళ్ళ ముందే చెప్పండి.

3. అరటి బోదె మీద డ్రిప్పు

బతికున్న పశువు మెడ మీద మొదటి పోటు వద్దు. మూరెడు అరటి బోదె తీసుకుని, పొడవునా ఒక గాడి చెక్కండి. పాత ఐవీ ట్యూబులో ఎర్ర నీళ్ళు నింపి, రెండు కొసలూ ముడేసి ఆ గాడిలో పడుకోబెట్టండి. పైన సైకిల్ ట్యూబు చీల్చి బిగించి కట్టండి. అదే చర్మం. వేలితో తడిమితే లోపలి నరం దొరుకుతుంది, సూది సరిగ్గా దిగితే ఎరుపు వస్తుంది. రెండో వైపుకి పొడుచుకుపోతే ఎరుపు వచ్చి ఆగిపోతుంది. నిజం నరంలో జరిగేదీ ఇదే. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా పడ్డాకే పశువు దగ్గరికి పంపండి.

పశువు దగ్గర, డాక్టరుగారి ఎదురుగా:

మెడ మీద బురద కడిగి, వెంట్రుక కత్తిరించి, స్పిరిట్ దూదితో తుడవాలి. మెడ గాడిలో బొటనవేలితో నొక్కి పడితే పైన నరం తాడులా ఉబ్బుతుంది. రెండో చేత్తో పైన తడితే కింది వేలికి అల తగలాలి. ఆ అల తగిలేదాకా సూది చేతికి తీసుకోనివ్వకండి. సెట్లో గాలి పూర్తిగా పోగొట్టాకే తగిలించాలి.

ఎక్కిస్తున్నది నరంలోకే పోతోందా అనే అనుమానం ఎప్పుడొచ్చినా ఒక పరీక్ష ఉంది. సీసాని పశువు గుండె కంటే కిందికి దించండి. ట్యూబులోకి రక్తం వెనక్కి వస్తే సూది లోపలే ఉంది. రాకపోతే ఆపెయ్యండి. మెడ దగ్గర చిన్న ఉబ్బు కనిపించినా అంతే. ముఖ్యంగా కాల్షియం నరం బయటికి పోతే అక్కడ మెడ వాచి, కండ చచ్చి, చీము పట్టే దాకా వెళ్తుంది. "కొంచెమే కదా, సర్దుకుంటుంది" అనే మాట పిల్లల నోట రాకూడదు.

చుక్కల లెక్క. దీన్ని పలక మీద రాయించి, నోటికి వచ్చేదాకా చెప్పించండి. 30 కిలోల దూడ ఒంట్లో నీరు 8 శాతం తగ్గిందని డాక్టరుగారు అంచనా వేశారనుకుందాం. 30ని 0.08తో గుణిస్తే 2.4 లీటర్లు. దాన్ని 8 గంటల్లో ఎక్కించమన్నారు. గంటకి 300 మిల్లీలీటర్లు, నిమిషానికి 5. మామూలు సెట్టుకి మిల్లీలీటరుకి 20 చుక్కలు, కాబట్టి నిమిషానికి 100 చుక్కలు. 15 సెకన్లలో 25 చుక్కలు పడుతున్నాయో లేదో లెక్కపెడితే చాలు. రోజువారీ అవసరం, ఇంకా పారుతున్నదానికి కలపాల్సింది వేరు. అది డాక్టరుగారు చెబుతారు.

చుక్కలు లెక్కపెట్టి వదిలెయ్యకుండా సీసాకి ప్లాస్టరు పట్టీ నిలువుగా అంటించి గంటగంటకీ ఎక్కడికి దిగాలో ముందే గీతలు పెట్టమనండి. పదింటికి నీళ్ళు పది గంటల గీత దగ్గర ఉండాలి, ఉన్నాయా? దూడ మెడ తిప్పితే ట్యూబు మడతపడి చుక్కలు తగ్గిపోతాయి. ఆ సంగతి గీత చూస్తేనే తెలుస్తుంది.

4. ఈనిన గేదె లేవకపోతే

ఇదే అసలు బడి. ఈని రెండు మూడు రోజులు కాకముందే పడిపోయిన పశువు, చెవులు చల్లగా, ముట్టె ఎండిపోయి, మెడ డొక్క మీదికి తిప్పేసుకుని ఉంటే కాల్షియం తగ్గిందని డాక్టరుగారు అనుమానిస్తారు. అలాంటి పశువుకి మింగే శక్తి సన్నగిల్లుతుంది. అప్పటికే ఇంట్లోవాళ్ళు వెదురు గొట్టంతో కషాయమో నూనో పొయ్యబోతుంటారు. పిల్లల మొదటి పని దాన్ని ఆపడం. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే కాల్షియంతో లేవాల్సిన గేదె నిమోనియాతో చచ్చిపోతుంది. ఆ ఇంటి పెద్దావిడ చేతిలో గొట్టం లాక్కోకూడదు. "మామ్మా, దీనికి గుటక పడటం లేదు, డాక్టరుగారు వచ్చేదాకా ఆగుదాం" అని చెప్పడం కూడా నేర్పాలి.

కాల్షియం ఎక్కించేటప్పుడు పిల్లలకి ముగ్గురికి మూడు పనులు. ఒకరు సీసాని గోరువెచ్చని నీళ్ళ బకెట్లో పెట్టి ఒంటి వేడికి తేవాలి. ఒకరు సీసా పట్టుకోవాలి, 450 మిల్లీలీటర్ల సీసా పది నిమిషాలకి ముందు అయిపోకూడదు, ఇంకా నెమ్మదైనా మంచిదే. మూడోవాళ్ళు స్టెతస్కోపు గుండె మీద నుంచి తియ్యకూడదు. చప్పుడు లయ తప్పినా, వేగం ఉన్నట్టుండి మారినా "దించు" అని అరవాలి. సీసా దిగాలి. ఎందుకని ఆ క్షణంలో అడగకూడదు. ఈ "దించు" అన్న మాటని నీళ్ళ సీసాతో ముందు రోజే నాలుగైదుసార్లు సాధన చేయించండి. పెద్దవాళ్ళ ముందు అరవడానికి పిల్లలు మొహమాటపడతారు.

మందు పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? తుంటి కండరాలు సన్నగా వణుకుతాయి. త్రేన్పు వస్తుంది. పేడ వేస్తుంది. అన్నిటికంటే నాకు ఇష్టమైనది ముట్టె. అప్పటిదాకా ఎండు చెప్పులా ఉన్న ముట్టె మీద ఆవగింజలంత చెమట చుక్కలు ఒకటొకటిగా పొడుచుకొస్తాయి. పిల్లల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి దగ్గరగా చూపించండి. ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు.

వెంటనే లేవకపోతే మిగతా పనంతా మనదే:

సిమెంటు నేల మీద ఉంచకండి. మట్టి నేల మీదికి మార్చి, జానెడుకి తక్కువ కాకుండా వరిగడ్డి పరవండి. తడిసిన గడ్డి ఎప్పటికప్పుడు తీసెయ్యాలి.

గేదె ఛాతీ మీద కూర్చున్నట్టు ఉండాలి. పక్కకి వాలిపోతే పొట్టలో గాలి బయటికి రాక ఉబ్బుతుంది. గడ్డి కుక్కిన గోనె సంచులు భుజం పక్కనా తుంటి పక్కనా దన్ను పెట్టండి.

మూడు గంటలకోసారి, రాత్రీ పగలూ, పక్క మార్చాలి. ఇంత బరువు ఒకే తొడ మీద ఆరేడు గంటలు పడితే కండరం, కాలిని కదిపే నరం నలిగిపోతాయి. అప్పుడు మొదటి జబ్బు తగ్గినా పశువు లేవదు. కింద నలిగిన వెనక కాలిని బయటికి తీసి, భుజం దగ్గర ఇద్దరు, తుంటి దగ్గర ఇద్దరు కలిసి ఒకేసారి తొయ్యాలి. తోక పట్టి ఈడ్చడం, ముక్కుతాడు పట్టి లాగడం, నీళ్ళు కొట్టి బెదరగొట్టడం వద్దు. పక్క మార్చిన ప్రతిసారీ అప్పటిదాకా కింద ఉన్న కాలిని ఐదు నిమిషాలు మర్దన చెయ్యాలి. కుడా ఎడమా అనేది అట్ట మీద రాయకపోతే డ్యూటీ మారినప్పుడు అదే పక్కకి మళ్ళీ పడుకోబెడతారు.

లేచే ప్రయత్నం చేస్తే వెనక కాళ్ళు ఎడంగా జారకుండా, రెండడుగుల వదులు ఉంచి మెత్తటి మోకుతో కలిపి కట్టండి. పొదుగుని రోజుకి రెండుసార్లు తడిమి వేడి, గట్టితనం చూడాలి. మొదటి ఒకటి రెండు రోజులు పాలు ఎంత తియ్యాలో డాక్టరుగారిని అడగాలి, మొత్తం పిండెయ్యకూడదు. మాయ పడకపోయినా, ఈసుకుపోయినా (నెలలు నిండకుండానే కడుపు పోయినా) గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా మనిషికి అంటుకుంటే నెలల తరబడి జ్వరం, కీళ్ళ నొప్పులు.

5. పారుతున్న దూడ

ముందు వేలు నోట్లో పెట్టి చూడమనండి. చప్పరిస్తే నోటి ద్వారా ఎలక్ట్రోలైట్ నీళ్ళు (ఓఆర్‌ఎస్ లాంటివి) పట్టొచ్చు. చప్పరించకపోతే, నోరు లోపల చల్లగా ఉంటే, తల ఎత్తకపోతే డ్రిప్పు కావాలి, డాక్టరుగారికి ఫోను వెంటనే వెళ్ళాలి. మెడ మీద చర్మం చిటికెడు పట్టి వదిలితే ఎన్ని సెకన్లకి సర్దుకుంటోందో, కంటి మూలకీ కనుగుడ్డుకీ మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు ఉందో లేదో రాయాలి. గంట తర్వాత అవే రెండూ మళ్ళీ చూస్తే డ్రిప్పు పని చేస్తోందో లేదో తెలుస్తుంది.

కాళ్ళు చల్లబడితే గోనె కప్పి, వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. గుడ్డ లేకుండా పెడితే చర్మం కాలుతుంది. పారుతోంది కదా అని పాలు పూర్తిగా మాన్పించేస్తారు చాలామంది. ఆకలికే సగం నీరసిస్తుంది. పాలు ఎంత, ఎన్నిసార్లు అనేది అడిగి రాసుకోవాలి. పారుడు దూడని ముట్టుకున్న చేతులతో వేరే దూడ దగ్గరికి వెళ్ళకూడదు. దాని బకెట్టు దానికే.

6. రాత్రి కాపలా, చూడనిది రాయకపోవడం

నేను నేర్చుకునే రోజుల్లో జరిగింది చెబుతాను. కాల్షియంతో లేచిన ఒక ఆవుకి రాత్రంతా కాపలా ఉండమన్నారు. పదింటికి చూశాను, 101. ఒంటిగంటకీ నాలుగింటికీ నేను నిద్ర లేవలేదు. తెల్లారాక ఆ రెండు గడుల్లోనూ 101 అనే రాశాను. మొదటి రోజులో మళ్ళీ కాల్షియం పడిపోవడం మామూలే. ఆవు తెల్లారేసరికి చల్లబడి, మెడ తిప్పేసుకుని ఉంది. డాక్టరుగారు అట్ట చూసి, నాలుగింటిదాకా బాగానే ఉందనుకుని, వేరే జబ్బు కోసం వెతికారు. ఆవు దక్కలేదు. ఆ ఇంట్లో పాలమ్మకం మీదే ఇద్దరు పిల్లల చదువు నడిచేది. ఆ రెండు గడులూ ఖాళీగా వదిలి ఉంటే డాక్టరుగారు మొదటే సరిగ్గా ఆలోచించేవారు.

అందుకే మా దగ్గర నియమం: చూడకపోతే గడి ఖాళీగా వదలాలి. ఖాళీ గడికి ఎవరినీ తిట్టకూడదు. మీరు తిడితే మరుసటి రోజు నుంచి గడులన్నీ నిండిపోతాయి, అంకెలు మాత్రం అబద్ధం అవుతాయి.

కాపలాకి ఇద్దరిద్దర్ని కలిపి వెయ్యండి. ఒకరు నిద్రపోతే ఒకరు లేచి ఉండాలి. కరెంటు పోయినా నడిచేలా టార్చి, విడి బ్యాటరీలు ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి దీపం లేదు. ఫోన్లు లేని అలాంటి రాత్రి కూడా వేళ్ళతో నాడి పట్టి, గడియారం చూసి, పశువుని కనిపెట్టుకోగలగాలి.

ఇంటివాళ్ళు రాత్రి వచ్చి అడుగుతారు: "మా గేదె నెగుస్తాదా (లేస్తుందా) బాబూ?" నెగుస్తుందని గానీ నెగదని గానీ పిల్లలు చెప్పకూడదు. చూసింది చెప్పాలి. "జ్వరం లేదమ్మా. రెండుసార్లు పేడ వేసింది. అరబకెట్టు నీళ్ళు తాగింది. పొద్దున్న డాక్టరుగారు చూసి చెబుతారు."

7. అప్పగింత

డ్యూటీ మారేటప్పుడు పశువు దగ్గరే నిలబడి, అట్ట చేతిలో పట్టుకుని ఐదు విషయాలు చెప్పాలి: ఏ జబ్బుకి చూస్తున్నాం, చివరగా ఏ మందు ఎన్నింటికి, గత ఆరు గంటల్లో ఏం మారింది, ఇంక చెయ్యాల్సింది ఏం మిగిలింది, ఏం కనిపిస్తే డాక్టరుగారికి ఫోను చెయ్యాలి. ఐదోది పిల్లలు ఎప్పుడూ మర్చిపోతారు. దాన్ని అంకెల్లో రాయించండి: ఒంటి వేడి 100 డిగ్రీలకి తగ్గితే, నాడి 100 దాటితే, రెండు నిమిషాల్లో పొట్ట ఒక్కసారీ కదలకపోతే, ఎడమ డొక్క ఉబ్బితే. ఈ హద్దులు ఏ పశువుకి ఆ పశువుకి డాక్టరుగారు వేరేగా పెడతారు.

అందుకునే పిల్లవాడు తల ఊపి ఊరుకోకూడదు. విన్నది తిరిగి చెప్పి, తనే ఒకసారి నాడి పట్టి, అట్ట మీద అంకె వేసి, పక్కన పేరు రాయాలి. అప్పుడే మొదటివాడు చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళొచ్చు.